తిండి లెక్కకు ఫీజా?

మీ ఇంట్లో బియ్యం కొలిచే గ్లాసు ఒకటి ఉండే ఉంటుంది. దాంతో మీ అమ్మగారు పూటకు ఎన్ని గ్లాసుల బియ్యం పోస్తారో మీకు తెలుసా? ఆ గ్లాసులో ఎన్ని గ్రాముల బియ్యం పడతాయో? తెలియదు కదూ! మా పెద్దనాన్నగారికీ తెలియదు. ఆయన ముప్పై నాలుగేళ్ళు రైసు మిల్లులో గుమాస్తాగా పనిచేశారు. ఏ లారీకి ఎన్ని బస్తాలు ఎక్కాయో, ఏ బస్తాకు ఎంత తరుగు పోయిందో ఇప్పటికీ నోటి లెక్కగా చెప్పగలరు. కాని తన కంచంలోకి రోజూ ఎన్ని బియ్యం వస్తున్నాయో మాత్రం చెప్పలేకపోయారు. ఆ సంగతి బయటపడింది విజయవాడలో ఒక డైటీషియన్ ఎదుట కూర్చున్నప్పుడు.

డైటీషియన్ అంటే ఆహార నిపుణులు. జబ్బును బట్టి, వయసును బట్టి, వేసుకునే మందులను బట్టి ఎవరు ఏమి, ఎంత, ఎప్పుడు తినాలో లెక్కగట్టి చెప్పే శాస్త్రం చదువుకున్నవారన్నమాట. పెద్దనాన్నగారికి పదకొండేళ్ళుగా చక్కెర వ్యాధి ఉంది. అయినా డైటీషియన్ దగ్గరకు వెళ్ళడం అదే మొదటిసారి. ఎందుకు వెళ్ళలేదంటారా? ఆ కథ చెబుతాను.

2023లో భారత వైద్య పరిశోధన మండలి వెల్లడించిన దేశవ్యాప్త సర్వే ప్రకారం మన దేశంలో సుమారు 10 కోట్ల 10 లక్షల మందికి చక్కెర వ్యాధి ఉంది. కనుక మీ ఇంట్లో కాకపోతే మీ పక్కింట్లోనైనా ఇలాంటి పెద్దనాన్నగారు ఒకరు ఉండే ఉంటారు.

దేవుడి పటం వెనుక చీటీ

ఆ సంవత్సరం వేసవిలో పెద్దనాన్నగారి రక్తపరీక్ష చూసి వైద్యుడు పెదవి విరిచాడు. పెద్దనాన్నగారు వెంటనే ఒక నిర్ణయం తీసుకున్నారు. రాత్రిపూట అన్నం బంద్! చపాతీలే. ఉదయం ఇడ్లీలతోపాటు రెండు పెద్ద గ్లాసుల రాగిజావ. "రాగులు షుగరుకు మంచివిరా, ఎంత తాగినా పర్వాలేదు" అని నాకూ ఒక గ్లాసు ఇచ్చారు. రెండు నెలల తర్వాత మళ్ళీ పరీక్ష చేయిస్తే చక్కెర తగ్గలేదు సరిగదా, కొంచెం పెరిగింది. వైద్యుడు మాత్ర మోతాదు పెంచాడు.

ఇక పెద్దనాన్నగారికి పంతం వచ్చింది. లంఖణం పరమౌషధం అన్నారు కదా, ఒక రాత్రి మాత్ర వేసుకుని ఏమీ తినకుండా పడుకున్నారు. అర్ధరాత్రి పెద్దమ్మకు మెలకువ వచ్చి చూస్తే ఆయన ఒళ్ళంతా చెమట. చేతులు వణుకుతున్నాయి. పిలిస్తే పొంతన లేని మాటలు. పెద్దమ్మకు వైద్యం తెలియదుగాని, ఎవరో ఎప్పుడో చెప్పిన మాట గుర్తుంది. మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించింది. పావుగంటకు ఆయన తేరుకున్నారు.

అక్కడ జరిగిందేమిటో మీరు తెలుసుకోవాలి. చక్కెర వ్యాధికి వాడే మాత్రలలో కొన్ని క్లోమగ్రంథిని ఇన్సులిన్ విడుదల చేయమని తొందరపెడతాయి. కడుపులో తిండి ఉన్నదా లేదా అని అవి చూడవు. పెద్దనాన్నగారిది అలాంటి మాత్రే. తిండి లేదు, ఇన్సులిన్ వచ్చేసింది. రక్తంలో గ్లూకోజు దిగజారిపోయింది. డెసిలీటరుకు 70 మిల్లీగ్రాముల కన్నా తగ్గితే ప్రమాదం మొదలైనట్లే. మనిషికి స్పృహ ఉంటే పెద్దమ్మ చేసినట్లు పంచదార నీళ్ళు ఇచ్చి, 15 నిమిషాల తర్వాత మళ్ళీ పరీక్షించి చూడాలి. స్పృహ లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పోయకూడదు, వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

మర్నాడు వైద్యుడు కోప్పడి, ఒక చీటీ మీద "డైటీషియన్‌ను కలవండి" అని వ్రాసిచ్చాడు. పెద్దనాన్నగారు ఆ చీటీని తెచ్చి దేవుడి పటం వెనుక పెట్టారు. మూడు వారాలు అది అక్కడే ఉంది.

"మాత్రలకు ఇస్తాం, పరీక్షలకు ఇస్తాం, సరే. తిండి ఎట్లా తినాలో చెప్పడానికి ఐదువందలా? డెబ్భై ఏళ్ళనుంచి తింటూనే ఉన్నానుగా!" అనేది ఆయన వాదన.

ఈ వాదనను నవ్వి తోసిపారేయకండి. ఐదువందలంటే వాళ్ళ ఇంట్లో రెండు వారాల కూరగాయలు. పైగా బస్సు ఛార్జీలు ఇద్దరికి. కొడుకు కట్టిన ఆరోగ్య బీమా ఉంది కదా అని కాగితాలు తిరగేస్తే, అది ఆసుపత్రిలో చేరితేనే డబ్బిస్తుంది. వచ్చి, చూపించుకుని, వెళ్ళిపోయేవారికి పైసా ఇవ్వదు. కాలికి పుండుపడి ఆసుపత్రిలో పదిరోజులుంటే లక్ష రూపాయలైనా ఇస్తుంది. ఆ పుండు పడకుండా చూసుకునే సలహాకు ఐదువందలు మాత్రం ఇవ్వదు! వ్రాసేవాడిని నాకే ఇది వింతగా తోచింది.

కొంచెం అంటే ఎంత?

చివరకు పెద్దమ్మే పట్టుబట్టి బయలుదేరదీసింది. ఆ రాత్రి భయం ఆమెకు ఇంకా పోలేదు. నేనూ తోడు వెళ్ళాను.

డైటీషియన్ చిన్న వయసు అమ్మాయే. పెద్దనాన్నగారు మొహం చిట్లించి కూర్చున్నారు. ఆ అమ్మాయి ముందు రిపోర్టులన్నీ చూసింది. ఏ మాత్ర ఏ వేళకు వేసుకుంటున్నారో వ్రాసుకుంది. తర్వాత పెద్దనాన్నగారిని వదిలేసి పెద్దమ్మ వైపు తిరిగింది.

"వంట మీరేగా అమ్మా? రాత్రికి మునుపు ఎన్ని బియ్యం పోసేవారు?"

"రెండున్నర గ్లాసులు. ముగ్గురం."

"ఆ గ్లాసు తెచ్చారా?"

తెచ్చింది! ఫోనులోనే చెప్పారట, బియ్యం గ్లాసూ, అన్నం వడ్డించే హస్తమూ వెంట తెమ్మని. బల్లమీద చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు ఉంది. గ్లాసులో బియ్యం పోసి తూస్తే 150 గ్రాములు వచ్చింది. రెండున్నర గ్లాసులంటే 375 గ్రాములు. ముగ్గురికి పంచితే పెద్దనాన్నగారి వాటా 125 గ్రాములు.

"ఇప్పుడు రాత్రికి ఏం తింటున్నారు బాబాయిగారూ?"

"అన్నం మానేశానమ్మా. కొంచెం చపాతీలు."

"కొంచెం అంటే?"

"ఆరు."

ఒక్కో చపాతీకి 30 గ్రాముల పిండి అనుకున్నా ఆరింటికి 180 గ్రాములు. ఆ అమ్మాయి ఒక పట్టిక తీసి ఆయన ముందు పెట్టింది. మీరూ చూడండి. వంద గ్రాముల బియ్యంలో పిండి పదార్థాలు సుమారు 78 గ్రాములు. రాగుల్లో 67 గ్రాములు. గోధుమపిండిలో 64 గ్రాములు. ఇక లెక్క మీరే చేయవచ్చు. 125 గ్రాముల బియ్యానికి సుమారు 98 గ్రాముల పిండి పదార్థాలు. 180 గ్రాముల గోధుమపిండికి 115 గ్రాములు. అంటే అన్నం మానేసి పెద్దనాన్నగారు మునుపటికన్నా ఎక్కువ పిండి పదార్థాలు తింటున్నారన్నమాట! ఉదయం రెండు గ్లాసుల జావకు పెద్దమ్మ 80 గ్రాముల రాగిపిండి వేస్తున్నది. అది ఇంకో 54 గ్రాములు. ఇడ్లీలు వేరే.

పెద్దనాన్నగారు కళ్ళజోడు సవరించుకుని పట్టికను రెండుసార్లు చదివారు. లెక్క తప్పు కాదని ఆయనకు అర్థమైంది. బస్తాల లెక్క చూసిన కళ్ళు కదా.

రాగులు మంచివి కావా అని మీరు అడగవచ్చు. మంచివే. పాలిష్ పట్టిన బియ్యం కన్నా వాటిలో పీచు చాలా ఎక్కువ. కాని మెత్తగా పిండి పట్టి, నీళ్ళలో బాగా ఉడికించి జావ కాస్తే అది త్వరగా జీర్ణమై గ్లూకోజు త్వరగానే రక్తంలోకి చేరుతుంది. మంచిదన్న పేరు చూసి కొలత మరచిపోతే రాగులైనా, కొర్రలైనా ఒకటే.

ఒక చెంచాడు చక్కెర

పిండి పదార్థాలంటే అంత భయం ఎందుకు? మన శరీరంలో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషి పరగడుపున పరీక్ష చేయించుకుంటే డెసిలీటరుకు, అంటే 100 మిల్లీలీటర్ల రక్తానికి, గ్లూకోజు 100 మిల్లీగ్రాముల లోపు ఉంటుంది. ఆ లెక్కన మొత్తం రక్తంలో ఉన్న గ్లూకోజు ఎంత? దాదాపు 5 గ్రాములు. ఒక చెంచాడు! ఒళ్ళంతా ప్రవహించే రక్తంలో ఉండవలసిన చక్కెర ఒక్క చెంచాడే.

ఇప్పుడు ఆరు చపాతీలు తిన్నారనుకోండి. అన్నమైనా, చపాతీ అయినా, జావ అయినా అందులోని పిండి పదార్థం చివరకు గ్లూకోజుగానే మారుతుంది. ఒక చెంచాడు ఉండవలసిన చోటికి ఇరవైకి పైగా చెంచాలు వచ్చిపడతాయి. ఆరోగ్యవంతుడిలో క్లోమగ్రంథి ఇన్సులిన్‌ను విడుదల చేస్తుంది. ఆ గ్లూకోజును కండరాలు, కాలేయం, కొవ్వు కణాలు తీసుకుని దాచుకునేట్లు చేసేది ఇన్సులినే. చక్కెర వ్యాధి ఉన్నవారిలో ఆ ఇన్సులిన్ చాలదు, లేదా కణాలు దాని మాట సరిగా వినవు. అందుకే ఒక పూటలో వచ్చిపడే పిండి పదార్థం ఎంత అన్నది ముఖ్యం. మందు ఆ ఎంతకు తగ్గట్లు ఉండాలి. ఆ ఎంత రోజుకొక రకంగా మారిపోతుంటే ఏ వైద్యుడైనా మందు మోతాదు ఎలా నిర్ణయించగలడు?

మీ తరగతిలో ఇన్సులిన్ సూది వేసుకునే స్నేహితులు ఎవరైనా ఉంటే ఈ లెక్క మీకన్నా వారికే బాగా తెలుసు. చిన్నప్పుడే వచ్చే చక్కెర వ్యాధిలో క్లోమగ్రంథి ఇన్సులిన్‌ను దాదాపు తయారుచేయదు. ఒక అబ్బాయికి 15 గ్రాముల పిండి పదార్థానికి 1 యూనిట్ ఇన్సులిన్ సరిపోతుందని వైద్యుడు నిర్ణయించాడనుకుందాం. అతని భోజనం డబ్బాలో 60 గ్రాముల పిండి పదార్థం ఉంటే 4 యూనిట్లు. సగం తిని గంట కొట్టారని లేచిపోతే? వేసుకున్న 4 యూనిట్లూ ఊరుకోవు. అతడు నెమ్మదిగా తింటున్నాడని తొందరపెట్టకండి.

త్రాసు పట్టుకున్న నర్సు

ఆహారాన్ని తూచి పెట్టడం కొత్త సంగతి కాదు. 1921లో కెనడాలోని టొరంటోలో ఇన్సులిన్‌ను కనుగొనకముందు చక్కెర వ్యాధి వచ్చిన పిల్లలకు వేరే మందే లేదు. అమెరికాలో ఫ్రెడరిక్ ఆలెన్ అనే వైద్యుడు తిండిని బాగా తగ్గించి ప్రాణం నిలబెట్టే పద్ధతి పాటించేవాడు. ఎలిజబెత్ హ్యూస్ అనే అమ్మాయికి 1919లో, పదకొండేళ్ళ వయసులో ఈ వ్యాధి వచ్చింది. ఆలెన్ వైద్యంలో ఆమె ప్రతి ముద్దా త్రాసులో తూగి వచ్చేది. తూచడానికి ప్రత్యేకంగా ఒక నర్సు ఎప్పుడూ వెంట ఉండేది. మూడేళ్ళు ఆ పాప ఆకలితోనే బ్రతికింది. 1922 ఆగస్టులో ఇన్సులిన్ కోసం టొరంటో చేరేనాటికి ఆమెకు పదిహేనేళ్ళు నిండవస్తున్నాయి. బరువు సుమారు 20 కిలోలు! ఇన్సులిన్ మొదలుపెట్టాక ఆమె కోలుకుంది, పెళ్ళి చేసుకుంది, పిల్లల్ని కన్నది, 1981 దాకా జీవించింది.

ఆమెను ఇన్సులిన్ బ్రతికించింది నిజమే. కాని ఇన్సులిన్ వచ్చేదాకా నిలబెట్టింది ఆ త్రాసు. ఆ త్రాసు పట్టుకునే మనిషిని మూడేళ్ళు జీతమిచ్చి పెట్టుకోవడం ఎవరికి సాధ్యం? ఎలిజబెత్ తండ్రి ఛార్లెస్ ఎవాన్స్ హ్యూస్ పెద్ద న్యాయవాది, 1921నుంచి అమెరికా విదేశాంగ మంత్రి. తిండి లెక్క చెప్పే మనిషికి డబ్బెవరిస్తారన్న ప్రశ్న అప్పుడే పుట్టింది.

తర్వాతి కాలంలో ఆ లెక్కను మామూలు ఇళ్ళకు అందేలా తేలిక చేశారు. 1950లో అమెరికాలో మార్పిడి పట్టికలు వచ్చాయి. పది రూపాయల నోటుకు రెండు అయిదు రూపాయల బిళ్ళలైనా, అయిదు రెండు రూపాయల బిళ్ళలైనా చిల్లర తీసుకోవచ్చు కదా? అలాగే 15 గ్రాముల పిండి పదార్థం ఒక నాణెం అనుకోండి. 20 గ్రాముల బియ్యం, 22 గ్రాముల రాగిపిండి, 23 గ్రాముల గోధుమపిండి, వీటిలో ఏదైనా సుమారు ఒక నాణెమే. ఒకటి తీసి ఇంకొకటి పెట్టుకోవచ్చు, రెండూ కలిపి పెట్టుకుంటేనే ఖర్చు పెరుగుతుంది.

మన తిండికి ఈ లెక్కలు కట్టింది ఎక్కడో తెలుసా? మన దగ్గరే! తమిళనాడులోని కూనూరులో 1918లో చిన్న పరిశోధనశాలగా మొదలైన సంస్థ 1958లో హైదరాబాదుకు వచ్చింది. అదే తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ. కూనూరులో ఉండగానే, 1937లో, భారతీయ ఆహార పదార్థాల విలువల పట్టికను మొదటిసారి ప్రచురించారు. ఆ తర్వాత దాన్ని ఎన్నోసార్లు సవరించారు. 2017 నాటి పట్టికలో 528 పదార్థాలు ఉన్నాయి. విజయవాడలో ఆ అమ్మాయి పెద్దనాన్నగారి ముందు పెట్టింది అందులోని అంకెలే.

ఐదువందలకు ఏమి వచ్చింది?

ఆ రోజు మేము నలభై నిమిషాలు కూర్చున్నాము. వైద్యుడి దగ్గర మాకు దొరికేది అయిదు నిమిషాలు. ఆయన తప్పు కాదు, బయట వంద మంది ఉంటారు.

డైటీషియన్ అన్నం మానమనలేదు. "రాత్రికి మూడు చపాతీలైనా సరే, 75 గ్రాముల బియ్యం అన్నమైనా సరే. మీ ఇష్టం" అన్నది. లెక్క కట్టి చూడండి, రెండూ సుమారు 58 గ్రాములే. పెద్దనాన్నగారి మొహం అప్పుడు చూడాలి! అన్నమే అన్నారు. పెద్దమ్మ హస్తంతో సరిగ్గా రెండు హస్తాలు. దాంతోపాటు గిన్నెడు పప్పు, కూర మునుపటికి రెట్టింపు, మజ్జిగ. జావ ఒక చిన్న గ్లాసు, అది తాగిన రోజు ఇడ్లీలు తగ్గించాలి. మాత్ర వేసుకున్నాక భోజనం మానడం ఎట్టి పరిస్థితిలోనూ కూడదు. ఉపవాసం ఉండదలచుకుంటే ముందే వైద్యుడిని అడగాలి. మందుల జోలికి మాత్రం ఆ అమ్మాయి పోలేదు. రాత్రి జరిగిన సంగతి, మారిన తిండి వివరాలు వ్రాసి వైద్యుడికి ఇవ్వమని కాగితం ఇచ్చింది. ఆ కాగితం చూసి మాత్ర మార్చింది వైద్యుడే.

ఇక్కడొక మాట. ఈ అంకెలన్నీ మా పెద్దనాన్నగారి బరువుకు, వయసుకు, మందులకు కట్టినవి. మీ తాతగారి మీద ప్రయోగించకండి. మూత్రపిండాలు దెబ్బతిన్నవారికైతే గిన్నెడు పప్పు సంగతి కూడా మళ్ళీ ఆలోచించాలి.

మేమొక పొరపాటు చేశాము. పదిహేను రోజుల్లోపు మళ్ళీ వస్తే ఫీజు లేదని రసీదు వెనుక చిన్న అక్షరాలతో ఉంది. మేము చూసుకోలేదు. ఇరవయ్యో రోజున వెళ్ళి ఇంకో 300 కట్టాము. కనుక మీరు ఎవరినైనా తీసుకువెళ్ళేటప్పుడు ముందే ఫోను చేసి ఫీజు ఎంత, ఎన్ని రోజులదాకా చెల్లుతుంది, తర్వాతి సందేహాలు ఫోనులో అడగవచ్చా అని కనుక్కోండి. ఉత్త చేతులతో వెళ్ళకండి. మూడు రోజులు తిన్నదంతా వేళతో సహా వ్రాసిపెట్టి, రిపోర్టులు, మాత్రల అట్టలు తీసుకువెళితే మొదటి రోజే పని జరుగుతుంది. లేకపోతే మొదటి ఫీజు ప్రశ్నలకే సరిపోతుంది. ఈ వ్రాసిపెట్టే పని ఇంట్లో మీకన్నా బాగా ఎవరు చేయగలరు?

ఫీజు కట్టలేనివారి మాటేమిటి? పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లో డైటీషియన్లు ఉంటారు, వారికి ఫీజు అక్కరలేదు. కాని వారు ఆసుపత్రిలో చేరిన రోగుల భోజనమూ చూసుకోవాలి, బయటివారికి ఏ రోజు, ఏ వేళ దొరుకుతారో అడిగి తెలుసుకోవాలి. 2010లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన జాతీయ కార్యక్రమం కింద జిల్లా ఆసుపత్రుల్లో చక్కెర వ్యాధి, రక్తపోటు వంటి జబ్బులకు ప్రత్యేక క్లినిక్కులు ఏర్పడ్డాయి. అక్కడా తిండి గురించి సలహా ఇస్తారు. 2018లో వచ్చిన ఆయుష్మాన్ భారత్ పథకం ఒక్కో కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయలదాకా వైద్యం అందిస్తుంది, కాని అదీ ఆసుపత్రిలో చేరిన వైద్యానికే.

ఇతర దేశాల్లో ఈ ప్రశ్నకు వేరే జవాబులు ఉన్నాయి. బ్రిటన్‌లో 1948లో మొదలైన జాతీయ ఆరోగ్య సేవలో రోగి డైటీషియన్‌కు ఫీజు కట్టడు, పన్నుల డబ్బులోంచే అది వెళుతుంది. అమెరికాలో 65 ఏళ్ళు నిండినవారికి ప్రభుత్వం నడిపే మెడికేర్ అనే బీమా ఉంది. 2002 జనవరి 1నుంచి అది చక్కెర వ్యాధి ఉన్నవారికి డైటీషియన్ సలహాకు డబ్బు చెల్లిస్తున్నది. వైద్యుడు వ్రాసిస్తే మొదటి ఏడాది 3 గంటలు, ఆపై ఏడాదికి 2 గంటలు. 2011నుంచి అందులో రోగి వాటా కూడా తీసివేశారు. లెక్కలు చూడకుండా ఏ బీమా వారూ డబ్బివ్వరు కదా! డైటీషియన్‌తో కలిసి పనిచేసిన పెద్దలలో మూడు నెలల సగటు చక్కెరను చూపే పరీక్ష విలువ 0.3నుంచి 2 దాకా తగ్గినట్లు అధ్యయనాలు చెబుతున్నాయి. ఒక మాత్ర చేసే పనికి ఇది తీసిపోదు.

అసలు డైటీషియన్ ఎవరో, కానివారెవరో గుర్తించడం ఇంకో చిక్కు. మా ఊళ్ళోనే ఒకాయన ఉచితంగా సలహా ఇస్తానని బోర్డు పెట్టాడు. పెద్దనాన్నగారు మొదట వెళ్ళింది అక్కడికే! సలహా ఉచితమే. చివర్లో చేతిలో పెట్టిన పొడి డబ్బా మాత్రం 2,400 రూపాయలు. "చక్కెర వ్యాధి వేళ్ళతో సహా పోతుంది" అనేవారు కనిపిస్తే మీరు బయటికి దారి చూసుకోండి. ఏం చదివారు, ఎక్కడ చదివారు అని అడగడంలో తప్పులేదు. 2021లో పార్లమెంటు చేసిన ఒక చట్టం డైటీషియన్ వంటి వృత్తులకు చదువు ప్రమాణాలు, పేర్ల నమోదు ఉండాలని నిర్దేశించింది.

మూడు నెలల తర్వాత

మూడు నెలల సగటు అన్నాను కదా. ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బ్రతుకుతుంది. ఆ కాలమంతా రక్తంలో ఉన్న గ్లూకోజు కొద్దికొద్దిగా దానిలోని హీమోగ్లోబిన్‌కు అంటుకుంటుంది. ఎంత అంటుకుందో కొలిస్తే గడచిన రెండు మూడు నెలల కథ తెలిసిపోతుంది. పరీక్షకు ముందురోజు పస్తుండి ఈ పరీక్షను మోసం చేయలేము. పెద్దనాన్నగారు ఆ ప్రయత్నం కూడా చేశారనుకోండి, అది వేరే సంగతి. ఈ పరీక్ష విలువ ఆయనకు మొదట 9.1 ఉండేది. మూడు నెలలకు 7.6 అయింది. ఇంకా తగ్గాలి. మధ్యలో మేనకోడలి పెళ్ళిలో బూరెలు నాలుగు తిన్నట్లు ఆయన పుస్తకంలోనే వ్రాసుకున్నారు, మిల్లు చిట్టాలో వ్రాసినట్లు తేదీ వేసి.

ఆ రోజు రిపోర్టు చూశాక డైటీషియన్ పెద్దమ్మ వైపు తిరిగి, "మీరెప్పుడు చేయించుకున్నారమ్మా పరీక్ష?" అని అడిగింది. పెద్దమ్మ ఎప్పుడూ చేయించుకోలేదు. అరవై నాలుగేళ్ళు! 30 ఏళ్ళు దాటినవారికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా చేస్తారని తెలిసి వారం తిరగకుండా చేయించాము. పరగడుపున 112. ఇది వ్యాధి కాదు, కాని 100నుంచి 125 దాకా ఉంటే వ్యాధి గుమ్మంలో నిలబడినట్లు. చెన్నైలోని శాస్త్రజ్ఞులు ఇలా గుమ్మంలో ఉన్నవారిని మూడేళ్ళు గమనించి 2006లో ఫలితాలు ప్రకటించారు. తిండి మార్చుకుని, ఒళ్ళు వంచి నడిచినవారిలో వ్యాధి వచ్చే అవకాశం 28.5 శాతం తగ్గింది. మాత్ర వేసుకున్నవారిలో 26.4 శాతం.

ఆరోగ్య కేంద్రంలో వైద్యురాలు పెద్దమ్మకూ ఒక చీటీ వ్రాసిచ్చింది. ఇంటికి వచ్చాక పెద్దనాన్నగారు దాన్ని చేతిలోకి తీసుకున్నారు. దేవుడి పటం వైపు చూస్తారేమోనని చూశాను. ఆయన చొక్కా జేబులో పెట్టుకుని, విజయవాడకు ఫోను చేసి, "పదిహేను రోజుల్లోపు వస్తే ఫీజు లేదు కదమ్మా?" అని అడిగారు.